పాతదే బాగుండెను

క్రొత్త రచన వెలువడినప్పుడెల్ల ప్రాతదే మేలని పెదవి విరుచుట నేటి కాలపు జాడ్యమని తలంచువారు కాళిదాసుని మాళవికాగ్నిమిత్రము నొకమారు తిరుగవేయవలెనని నా మనవి. నాటక మింకను ఆరంభమైనను కాలేదు. తెర వెనుక నటులు వేషములు దిద్దుకొనుచునే యున్నారు. అంతలో సూత్రధారుని సహాయకుడు అడ్డుపడి, భాసుడు, సౌమిల్లకుడు, కవిపుత్రుడు మొదలగు లబ్ధప్రతిష్ఠు లుండగా ఈ నిన్నమొన్నటి కాళిదాసు కృతికి ఇంతటి గౌరవ మేల యని నిలదీయును. దానికి సూత్రధారుడు చెప్పిన సమాధానము సంస్కృతమున రెండక్షరములు నేర్చిన ప్రతివాడును ఎత్తిచూపునదే గావున నేనిచ్చట ఎత్తిచూపను. నాకు ముచ్చటగొల్పునది ఆ సమాధానముకంటె ఆ ప్రశ్న. ఆ సౌమిల్లకుని నాటకములలో నేడు మనకొక్కటియు దక్కలేదు. ఏ కృతులతో పోల్చి కాళిదాసును తీసికట్టుగా నెంచిరో ఆ కృతులలో పెక్కు పేరునకు మాత్రము మిగిలి నశించిపోగా, తీసికట్టు సరకు మాత్రము పాఠ్యగ్రంథమై కూర్చుండి తరతరముల విద్యార్థులను పరీక్షలలో తప్పించుచున్నది.

లోకముతీరు నెరిగినవారు గావుననే మన ప్రబంధకవులు అవతారికయందు కుకవినింద యని యొక ప్రకరణ మేర్పరచుకొని, వినువాడు నోరు తెరువకమునుపే తామే నాలుగు తిట్లు తిట్టి ఆ ముచ్చట తీర్చివేసిరి. పాశ్చాత్యదేశముల రాక్ బృందములవారికి ఈ యుపాయము తట్టినట్లు లేదు. వారు ఏండ్ల తరబడి స్టూడియో గదులలో తలుపులు బిగించుకొని కూర్చుండి, గిటారు తీగలు తెగవాయించి, డోళ్ళు పగులగొట్టి, గంటకు తగ్గని సంగీతమును సిద్ధము చేసి, ఒక శుక్రవారమునాడు లోకము మీదికి వదలి, అటుపిమ్మట ఆడపెండ్లివారివలె చేతులు కట్టుకొని నిలుచుందురు. శ్రోతలు మగపెండ్లివారు. విడిదిలో దిగీ దిగకముందే కాఫీ చల్లారినదనుటతో మొదలై, అప్పగింతలవేళకు పెట్టుపోతలలో పట్టుపంచె అంచు వెలిసినదనుట వరకు సాగు ఆ యలుకల పరంపరలో పెండ్లికూతు రెట్లున్నదను మాట ఎవ్వరును ఎత్తరు.

నాకీ విద్యయందు ప్రవేశము కల్పించినవాడు మా మేనల్లుడు. మాది నల్లకుంటలో పాతకాలపు డాబా యిల్లు. పై వాటాలో వాడుండును. పగలు ఏదో సాఫ్టువేరు కంపెనీలో పనిచేయును. రాత్రులు మెటాలికా యను అమెరికా బృందమువారి పాటలు వినును. వాడు వినుననుట మాటవరుసకే; వాడు విను పాటను వీధి చివరి కిరాణా కొట్టువాడు కూడ తప్పించుకొనలేడు. త్యాగరాజకృతులతో పెరిగిన నా చెవులు మొదట కొంత మొరాయించినను, కాలక్రమమున ఆ పాటలకంటె వాటిని గురించి పై వాటాలో జరుగు వాదోపవాదములు నాకు రుచింపసాగినవి. చల్లగాలికని మెట్ల మీద కూర్చుండి, పత్రిక చదువునట్లు నటించుచు విన్న ఆ చర్చల పుణ్యమున నాకు మెటాలికా చరిత్ర యంతయు ఫిర్యాదుల వరుసలో కంఠస్థమైనది.

బృందము 1981లో లాస్ ఏంజిలిస్ నగరమున పుట్టినది. డెన్మార్కునుండి వచ్చిన లార్స్ ఉల్రిక్ అను డోలు వాయించు కుర్రవాడు స్థానిక పత్రికలో ఒక ప్రకటన వేయగా, జేమ్స్ హెట్‌ఫీల్డ్ అను మరియొక కుర్రవాడు వచ్చి కలిసెను. 1983లో తొలి ఆల్బము. దానికి ముందు మరియొకటి లేదు గనుక, దానికంటె ఇది తక్కువ యనుటకు శ్రోతలకు ఆధారము దొరకలేదు. మెటాలికా జీవితమున అంతటి సుఖము మరల లభింపలేదు. మరుసటి యేడు వెలువడిన ‘రైడ్ ద లైట్నింగ్’లో ఒక పాట మెల్లని తీగల మీటుతో విషాదముగ మొదలగును. అంతే! “అమ్ముడుపోయారు” అని కేకలు. మొన్న మొన్నటివరకు పేరైన తెలియని ఆ నలుగురు కుర్రవాండ్రు ఎవరికి, ఎంత ధరకు అమ్ముడుపోయిరో కేక వేసినవారు చెప్పలేదు. 1989లో మొట్టమొదటిసారి ఒక పాటకు వీడియో తీసిరి, మరల అమ్ముడుపోయిరి. 1991లో నల్లని అట్టతో వచ్చిన ఆల్బములో పాటలను కుదించి వేగము తగ్గించిరి. ఈ పర్యాయము ఒక్క అమెరికాలోనే కోటి యరువది లక్షల ప్రతులకు పైగా నిజముగనే అమ్ముడుపోయినవి. 1996లో జుట్టు కత్తిరించుకొనిరి. దానికి పుట్టిన గగ్గోలు ఇంకను చల్లారలేదు. జుట్టునకును సంగీతమునకును గల సంబంధము నాకు బోధపడక మేనల్లుని అడుగగా వాడు నావంక జాలిగ జూచి, “నీకు చెప్పినా అర్థం కాదులే మామయ్యా” అనెను. క్షురకర్మకు ముందు సంగీత మొకవిధముగను, తరువాత మరియొకవిధముగను ఉండునని త్యాగరాజస్వామివారు సైతము ఎరుగరు గదా!

2000లో వారు నాప్‌స్టర్ అను కంపెనీమీద దావా వేసి, తమ పాటలను కాసు చెల్లింపక పంచుకొనుచున్నవారి పట్టిక యొకటి ఆ కంపెనీకే అందజేసిరి. అందు 3,35,435 పేర్లు. శ్రోతలు తమ్ము గురించి ఏమనుకొనుచున్నారో తెలిసికొనవలెనని ఆరాటపడు సంగీతకారులను చూచితిని గాని, శ్రోతల పేర్లే పట్టిక వ్రాయించి పట్టుకొనివచ్చిన వారిని నేను మరెచ్చటను వినలేదు. ఆ తరువాత శ్రోతలు ఏమనుకొనిరో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ ఫిర్యాదులలో నాకు మిక్కిలి ప్రియమైనవి రెండు కలవు. మొదటిది 1988 నాటిది. దానికి రెండేండ్ల క్రిందట స్వీడన్ దేశమున వారి బస్సు బోల్తాపడి, బేస్ గిటారు వాయించు క్లిఫ్ బర్టన్ చిన్న వయసుననే మరణించెను. ఆ స్థానమున జేసన్ న్యూస్టెడ్ అనునతడు చేరెను. అతడు చేరిన తరువాత వెలువడిన తొలి పూర్తి ఆల్బము ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’. అందు బేస్ గిటారు వినబడదు. అతడు వాయింపక కాదు, శుభ్రముగనే వాయించినాడు. మిక్సింగునాడు దానిని తగ్గించి, తగ్గించి, పాతాళమునకు దింపివేసిరి. నాటినుండి నేటివరకు శ్రోతలు ఆ వినబడని గిటారుకొరకు చెవి యొగ్గుచునే యున్నారు. మా మేనల్లుని మిత్రుడొకడు దీనికొరకే ఖరీదైన హెడ్‌ఫోన్లు కొనితెచ్చుకొని, కన్నులు మూసికొని, అందరిని మాటాడవలదని చేయెత్తి వారించి, చాలసేపు ఊపిరి బిగబట్టి, చివరకు చూపుడువ్రేలు మెల్లగ పైకెత్తి, “ఇదిగో... ఇక్కడ లీలగా ఉంది” అనుట నేను కిటికీలోనుండి కన్నులార చూచితిని. తక్కినవారు ఒకరి తరువాత ఒకరు ఆ హెడ్‌ఫోన్లు తగిలించుకొని, వినబడినదని కొందరు, లేదని కొందరు, భ్రమయని కొందరు మూడు మతములుగ చీలిపోయిరి. ప్రణవనాదముకొరకు గుహలలో కూర్చుండు యోగులయందైనను అంతటి యేకాగ్రత యుండునని నేను నమ్మను. 2018లో ఆ ఆల్బమును మెరుగుపెట్టి మరల విడుదల చేసిరి. ధర పెరిగినది, పెట్టె పెరిగినది, బేస్ పెరుగలేదు. ఓర్పు నశించిన శ్రోతలు కొందరు తామే పూనుకొని, అడుగంటిన బేస్‌ను పైకి లాగి, ఆ పాటలను సవరించుకొని వినుచున్నారు.

రెండవది 2003లో వచ్చిన ‘సెయింట్ యాంగర్’. స్నేర్ అను చిన్న డోలు అడుగున లోహపు తీగల వరుస యొకటి బిగించియుండును. ప్రక్కనున్న మీట త్రిప్పి ఆ తీగలను క్రింది పొరకు తాకించినచో దెబ్బ ‘ఛట్’ మని పొడిగ పలుకును. మీట వదలినచో ‘ఠంగు’మని ఖాళీ డబ్బా మ్రోగినట్లు మ్రోగును. ఉల్రిక్ మహాశయుడు మీట వదలివేసి వాయించెను. 75 నిమిషముల పొడవున ఠంగు, ఠంగు, ఠంగు. గిటారు సోలో యన్నది ఔషధమునకైనను లేదు. ఆ ఆల్బము తయారగునప్పుడు బృందములోనివారు ఒకరిమీద నొకరు కారాలు మిరియాలు నూరుకొని, నెలజీతమిచ్చి ఒక మనస్తత్వనిపుణుని తెచ్చి నడుమ కూర్చుండబెట్టుకొని, గాయకుడు మద్యము మానుటకని నెలల తరబడి అదృశ్యుడై, ఈ సంసారమునంతయు చలనచిత్రముగ తీయించి మరుసటి యేడు లోకమునకు చూపిరి. ఇంతటి హృదయవిదారకమైన కథను చూచి బయటికి వచ్చిన శ్రోతలు అడిగిన దొక్కటే: “అంతా బాగానే ఉంది, ఆ డోలు సంగతేమిటి?”

అచ్చటితో ఆగినను బాగుండెడిది. 2015లో కొందరు యువకులు, ఆ శబ్దము నిక సహింపజాలక, ఆ ఆల్బములోని పదునొకండు పాటలను మొదటినుండి చివరివరకు తామే నేర్చి, తామే వాయించి, తామే పాడి, డోలు మీట సరిగా బిగించి, లోకమునకు సమర్పించిరి. ఈ వృత్తాంతము విన్న దినమున నాకు ఒక యనుమానము దృఢపడినది. నాకు నచ్చిన పాటను నేను ఇష్టమున్నప్పు డొకమారు విని ఊరకుందును. రాగమేదో గుర్తులేకున్నను బాధలేదు. నచ్చని పాటను మాత్రము వీరు పదములు, తాళములు, ఏ క్షణమున ఏ తీగ మ్రోగునో ఆ లెక్కలతోసహా పారాయణము చేయుదురు. మెచ్చుకొనుటకు ఏమియు తెలియనక్కరలేదు, తల యూపిన చాలును. తిట్టుటకు పాండిత్యము కావలెను. కావుననే లోకమున మెచ్చుకొనువారిని ఎవ్వరును లెక్కచేయరు.

2008 నాటి ‘డెత్ మాగ్నెటిక్’ను ఈ పండితులు మరియొక మార్గమున పరిశోధించిరి. ఆ పాటలే గిటారు వాయించు కంప్యూటరు ఆటయొకదానిలో కూడ చేర్చబడినవి. ఆటలోని పాట స్పష్టముగను, కొని తెచ్చుకొన్న సీడీలోని పాట చెవులు చిల్లులుపడునట్లును ఉన్నవని పసిగట్టి, రెంటి శబ్దతరంగములను ప్రక్కప్రక్కన గీసి చూపి, మరల మిక్సింగు చేయుడని వేలకొలది సంతకములతో అర్జీ పెట్టిరి. మన పంచాయతీలలో మంచినీటి కొళాయికైనను అన్ని సంతకములు కుదురవు.

2011 అక్టోబరు 30వ తేదీన మెటాలికావారు బెంగుళూరు ప్యాలెస్ మైదానమున, మన దేశమున మొట్టమొదటిసారిగ, కచేరీ చేసిరి. అంతకు రెండు దినములకు ముందు గుర్గావ్‌లో జరుగవలసిన కచేరీ నిలిచిపోగా అచ్చటి జనము వేదిక నెక్కి ధ్వంసము చేసిరన్న వార్త విని మా అక్కయ్య గుండెలు బాదుకొనుచున్నను, అప్పటికి కళాశాలలో చదువుచుండిన మేనల్లుడు నల్లచొక్కా తొడుగుకొని కాచిగూడలో రైలెక్కి పోయెను. వేదికముందు అరచి అరచి, గొంతు పూర్తిగా పోగొట్టుకొని తిరిగివచ్చెను. వచ్చిన వెంటనే వాని చెవిని పడినది, కచేరీకి మరునాడు విడుదలైన ‘లూలూ’. లూ రీడ్ అను వృద్ధగాయకునితో కలిసి, జర్మను నాటకకర్త వేడెకిండ్ నాటకములను ఆధారము చేసికొని కూర్చినది. ఆయన పాడక ముచ్చటించుచుండగా వీరు వెనుకనుండి ఉరుములు మెరుపులు కురిపించుచుందురు. మేనల్లుని ముఖము ఎఱ్ఱవడినది, పెదవులు కదలినవి, శబ్దము రాలేదు. అప్పుడు వాడు రఫ్ నోటుపుస్తకము తెరచి నింద నంతయు వ్రాతపూర్వకముగ చేసెను. ఉప్పునీరు పుక్కిలించుచు, నడుమ నడుమ వ్రాయుచు, పుటలు నింపెను. సంగీతవిమర్శలో అంతటి నిగ్రహమును నేను మరల చూడలేదు.

ఒక్క 2016 మాత్రమే ఇందుకు అపవాదము. ఆ యేడు నవంబరు 18వ తేదీన వెలువడిన ‘హార్డ్‌వైర్డ్’ను వీరెవ్వరును పెద్దగ తిట్టలేదు. సంగీతము మెరుగుపడుటే కారణమని పైవాటావారి సిద్ధాంతము. నా సిద్ధాంతము వేరు. దానికి పదిదినములు ముందు పెద్దనోట్లు రద్దయినవి. విద్యానగర్ ఏటీఎం ముందు వరుసలో గంటల తరబడి చెవులలో తీగలు పెట్టుకొని నిలుచున్న ఆ కుర్రవాండ్ర నిందాశక్తి యంతయు రెండువేల నోటుమీదను, చిల్లరమీదను, వరుసలో మధ్య దూరినవానిమీదను వ్యయమైపోగా, మెటాలికాకు మిగిలినది బహుస్వల్పము.

ఇక నా ప్రతిష్ఠకు కారణమైన ఆల్బము ‘సెవెంటీ టూ సీజన్స్’. 2023 ఏప్రిల్ 14, శుక్రవారము. అంబేడ్కరు జయంతి సెలవు. నూటయిరువదియైదు అడుగుల విగ్రహము ఆవిష్కరింపబడు దినమగుటచే నగరమంతయు హుస్సేన్‌సాగరు దిక్కునకు తరలుచుండగా, నల్లచొక్కాల గుంపొకటి ఎదురుదిక్కున మా మెట్లెక్కి వచ్చెను. మనుష్యుని మొదటి పదునెనిమిదేండ్లలోని ఋతువులు డెబ్బదిరెండట. ఆ వయసులో పడిన ముద్రలే కడవరకు వెంటాడునని హెట్‌ఫీల్డు భావము. సంవత్సరమునకు ఆరు ఋతువుల లెక్కన మనకు డెబ్బదిరెండు ఋతువులకు పన్నెండేండ్లే, సరిగ ఒక పుష్కరమే గదా యని నేను సందేహము వెలిబుచ్చితిని. “మామయ్యా, నువ్వు కాస్త కూర్చో” అని మేనల్లుడు నాకు కుర్చీ వేసెను. అట్లు నేను మెట్లమీదినుండి సభలోనికి వచ్చితిని.

పసుపుపచ్చని అట్ట; దానిమీద కాలిన ఊయల తొట్టి; పన్నెండు పాటలు; 77 నిమిషములు. సభ్యులలో వరంగల్లునుండి వచ్చిన దీర్ఘకేశుడొకడు. అతడు మొదటి నాలుగు ఆల్బములను తప్ప మిగిలినవాటిని అంగీకరింపడు. అంగీకరింపకున్నను అన్నిటిని అతనికంటె బాగుగ ఎరిగినవాడు లేడు. రెండవవాడు మనము మునుపు చూచిన హెడ్‌ఫోన్ల యోగి. మూడవవాడు గిటారు నేర్చుకొనుచున్నాడు. నాలుగవవా డేమి చేయునో నాకు నేటికిని తెలియదు. పాట మొదలైన కొద్దిసేపటికే అతడు, “మరీ పొడుగైంది, యాభై నిమిషాలకు కోసేయాల్సింది” అనెను. అప్పటికి పదిహేనవ నిమిషమైనను కాలేదు. “కర్క్ ఆ పెడల్ మీంచి కాలు తీయడా ఏంటి?” అని గిటారు విద్యార్థి. కాలితో త్రొక్కినకొలది తీగనాదము ‘వా వా’ యని గారాలుపోవు యంత్రమొకటి గలదు. కర్క్ హామెట్ దానిని నలువదియేండ్లుగ విడువక త్రొక్కుచున్నాడట. యోగి మాత్రము ఈ ఆల్బములో బేస్ స్పష్టముగ వినబడుచున్నదని కొంత నిరుత్సాహపడినట్లు తోచెను.

ఈ గుంపులో ప్రక్కింటి అమ్మాయి యొకతె యుండెను, ఇంటరు చదువుచున్నది. అంతకు ముందటి వేసవిలో ‘స్ట్రేంజర్ థింగ్స్’ అను ధారావాహికలో ఒక పాత్ర 1986 నాటి వీరి పాటను ఇంటికప్పుపై నిలిచి వాయింపగా, ప్రపంచమంతటను అట్టి బాలబాలికలు లక్షలుగ ఈ సంగీతమునకు వచ్చిచేరిరి. “నాకు నచ్చింది” అని ఆ పిల్ల అనెను. దీర్ఘకేశుడు మిక్కిలి మర్యాదగ, “ఎప్పట్నుంచి వింటున్నవమ్మా?” అని అడిగెను. “పోయినేడాది నుంచి అన్నా.” ఆ తరువాత ఎవ్వరును ఆమెతో సంగీతము మాటాడలేదు, బిస్కట్లు మాత్రమిచ్చిరి. (ఈ పిల్లయే, దసరా సెలవులనాటికి, తన పినతండ్రి కొడుకు మెటాలికా చొక్కా తొడుగుకొని రాగా, “నువ్వు మూడు పాటల పేర్లు చెప్పు చూద్దాం” అని వానిని వీధిగుమ్మములోనే నిలిపివేసెను.)

పదకొండు నిమిషముల కడపటి పాట కూడ ముగిసినది. అరువదికి చేరువైన హెట్‌ఫీల్డు గొంతు ఇంకను ఖంగుమని మ్రోగుచున్నదని నాకు తోచెను గాని అడుగనిదే చెప్పుట నా స్వభావము కాదు. “అంకుల్, మీకెట్లనిపించింది?” అని దీర్ఘకేశుడు అడిగెను.

“బాగానే ఉన్నది నాయనా” అంటిని.

“ఏది?”

“మొత్తము మీద.”

సభ ఒక్కమారు చల్లబడినది. వారి చూపులలో కోపము లేదు, జాలి యున్నది. పెద్దవాడను గదా యని మేనల్లుడు మాట మార్చి కాఫీ తెప్పించెను. ఆ కాఫీ త్రాగుచు నేను ఆలోచించితిని. ఇన్నేండ్లు మెట్లమీద కూర్చుండి సంపాదించిన విద్య యంతయు ఎందులకు? గ్లాసు క్రిందబెట్టి, పైకప్పు వంక జూచి, ఎవ్వరితోను కానట్లు, “ఏమన్నా అనండి, క్లిఫ్ ఉన్ననాటి మాట వేరు” అంటిని.

దీర్ఘకేశుడు లేచి నిలువబడెను. “పాతదే మస్తుండె అంకుల్! గదే నేను మొదటిసంది చెప్తున్న!” అని నా చేయి పట్టుకొనెను. యోగి హెడ్‌ఫోన్లు తీసివేసెను. గిటారు విద్యార్థి నా ప్రక్కకు కుర్చీ జరుపుకొని, క్లిఫ్ వాయించినవాటిలో నాకేది యిష్టమని అడిగెను. పండితులు ఇట్టి ప్రశ్నలకు సమాధానము చెప్పరు గనుక నేను కన్నులు మూసికొంటిని. అందరును అర్థము చేసికొనిరి.

అదిమొదలు నా అభిప్రాయమునకు గిరాకీ పెరిగినది. ఏ బృందము ఏ క్రొత్త ఆల్బము తెచ్చినను పైవాటానుండి పిలుపు వచ్చును. నేను రెండు పాటలు విని, “మొదటి రెండింటిలో ఉన్న ఆకలి ఇందులో లేదు” అందును. ఇంతవరకు ఒక్క బృందమువిషయమునను ఈ వాక్యము తప్పలేదు. ఆ ధైర్యముతో ఒకనాడు చిక్కడపల్లి త్యాగరాయగానసభలో ఒక యువవిద్వాంసుని కచేరీ నడుమ, ప్రక్కనున్న పెద్దమనిషితో, ఈయన అయిదేండ్ల క్రిందట పాడిన తోడి వేరని చెప్పిచూచితిని. ఆయన ముక్కుపొడుము పట్టు పట్టి, నావంక తిరుగకయే, “తమరు సెమ్మంగుడి వారిని ఎదురుగా కూర్చుని విన్నారా?” అనెను. ఈ విద్యయందు ఎంతవానికైనను పైవాడొకడుండును.

ఇటీవల దీర్ఘకేశునికి విదేశమునుండి ఒక పెద్ద అట్టపెట్టె వచ్చినది. చిరునామా మా యింటిదే ఇచ్చుకొన్నాడట. వాని హాస్టలులో పుచ్చుకొనువారు లేరని. తెరచి చూడగా ‘సెవెంటీ టూ సీజన్స్’ పసుపుపచ్చని వినైలు రికార్డు జత. సుంకముతో కలిపి దాని వెల విని నేను తేరుకొనుటకు కొంతసేపు పట్టినది. తాను ఊరంత తిట్టిన ఆల్బమునకు ఇంత సొమ్మేమిటి నాయనా అంటిని. పాట వినకముందే ఆర్డరిచ్చినాడట. వినిన తరువాతయు రద్దు చేయలేదట. అతడు ఆ అట్టను వెలుతురులో పైకెత్తి, క్రిందికి దించి, అంచులు తడిమి, మూలయొకటి వంగినదని కనుగొని, “ఇదివరకు ప్యాకింగు మస్తు గట్టిగుండె అంకుల్” అని నిట్టూర్చెను. పోనిమ్ము, ఇచ్చటనే వేయుము, విందమంటిని.

“ప్లేయర్ లేదంకుల్.”

“మరి కొనుక్కోరాదా?”

“ఇప్పటి ప్లేయర్లు దండుగ” అనెను దీర్ఘకేశుడు, రికార్డును మరల అట్టలో పెట్టుచు.